ఇంట్లో చేసుకునే సర్క్యూట్ బోర్డులకు ఏ యూవీ దీపం?

ఒంగోలు పక్కనున్న కొత్తపట్నం దగ్గర మా మేనమామకు రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట కరెంటు పోయినా, మూడు ఫేజుల్లో ఒకటి తగ్గి ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఆగినా, తెల్లవారుజాముకల్లా నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. కాపలా మనిషి కునుకు తీసినా యజమాని ఫోను మోగేటట్టు ఒక చిన్న అలారం బోర్డు చేసి ఇవ్వాలని రెండేళ్ళ క్రితం అనుకున్నాను. మొదటి బోర్డుల్ని లేజర్ ప్రింటు తీసిన కాగితాన్ని ఇస్త్రీ పెట్టెతో రాగి రేకు మీద అద్దే పద్ధతిలో చేశాను. అయితే మైక్రోకంట్రోలర్ కాళ్ళ మధ్య ఎడం 0.8 మిల్లీమీటర్లే కావడంతో 0.25 మిల్లీమీటర్ల గీతలు ఒకచోట తెగిపోవడం, మరోచోట ఒకదానితో ఒకటి కలిసిపోవడం జరిగేది. మూడు బోర్డులు చేస్తే ఒకటి పనికొచ్చేది. నిద్రలో ఉన్న మనిషిని లేపవలసిన పరికరానికి ఆ లెక్క సరిపోదు. అందుకే ఫోటోరెజిస్ట్ పద్ధతికి మారాను: రాగి మీద వెలుగుకు స్పందించే పూత (రెజిస్ట్) వేసి, బొమ్మ ప్రింటు తీసిన పారదర్శక షీటును దాని మీద పెట్టి యూవీ, అంటే అతినీలలోహిత వెలుగు పడనిచ్చి, కడిగాక పూత మిగలని చోట రాగిని మందుతో కరిగించడం (ఎచింగ్). మారాక నాకు ఎక్కువ కాలం పట్టింది ఎచింగ్ కాదు, డ్రాయింగూ కాదు; సరైన అతినీలలోహిత దీపాన్ని ఎంచుకోవడం. ఆ ఎంపికలో నేను తెలుసుకున్న విషయాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా, వెలుగు పడవలసిన పదార్థం గురించి చెప్పాలి. ఇంట్లో పని చేసేవాళ్ళకు రెండు రకాల రెజిస్ట్‌లు దొరుకుతాయి. చుట్టలుగా అమ్మే నీలిరంగు డ్రై ఫిల్మ్ నెగెటివ్ రకం. వెలుగు పడిన చోట అది గట్టిపడి నిలుస్తుంది, పడని చోట వాషింగ్ సోడా నీళ్ళలో కరిగిపోతుంది. ముందే పూత పూసి అమ్మే బోర్డులు చాలావరకు పాజిటివ్ రకం. వాటిలో వెలుగు పడిన చోటే పలచటి కాస్టిక్ సోడాలో కరుగుతుంది. నేను వాడేది డ్రై ఫిల్మ్. దానికి ఇరువైపులా రెండు పలచని ప్లాస్టిక్ పొరలుంటాయి; లోపలి పాలిథీన్ పొరను తీసేసి రాగి మీద వేడితో అతికిస్తాము, పైనున్న పాలిస్టర్ పొరను మాత్రం వెలుగు పెట్టడం పూర్తయ్యేదాకా ఉంచుతాము. ఈ పై పొర సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నేను చేసిన మొదటి పెద్ద పొరపాటు దానితోనే ముడిపడి ఉంది.

ఈ రెజిస్ట్‌లు పాదరసపు దీపాల వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారైనవి. పాదరసపు ఆవిరి ఇచ్చే వెలుగులో 254, 365, 405, 436 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర వెలుగు బలంగా ఉంటుంది. డ్రై ఫిల్మ్ బాగా స్పందించేది 365 చుట్టుపక్కల. 405 దగ్గర కూడా పని చేస్తుంది కానీ నెమ్మదిస్తుంది. పాజిటివ్ పూతలు 350 నుంచి 436 దాకా ఇంకొంచెం విశాలంగా స్పందిస్తాయి. కాబట్టి దీపాన్ని కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న అది ఎన్ని వాట్లది అని కాదు, ఎన్ని నానోమీటర్లది అని. ఆ ప్రశ్న అడగకుండా నేను మొదట కొన్నది నీళ్ళు శుద్ధి చేసే యంత్రంలో వాడే 11 వాట్ల యూవీ ట్యూబు. యూవీ కావాలని అడిగితే కొట్టువాళ్ళు ఇచ్చింది అదే, నేనూ సంతోషంగా తెచ్చుకున్నాను.

ఆ ట్యూబు గాజు పూర్తిగా తేటగా, లోపలి తీగ కనిపించేటట్టు ఉంటుంది; వెలిగిస్తే పలచని నీలిరంగు మెరుపు వస్తుంది. అది క్రిములను చంపడానికి చేసిన 254 నానోమీటర్ల దీపం. పది నిమిషాలు వెలుగు పెట్టి సోడా నీళ్ళలో వేస్తే, ఫిల్మ్ కొన్నిచోట్ల మెత్తగా, జిగురుగా మిగిలి వేలితో రుద్దగానే ఊడి వచ్చింది. కారణం తర్వాత అర్థమైంది: 254 కిరణాలను నేను పైన పెట్టిన అద్దమూ ఆపేస్తుంది, ఫిల్మ్ మీది పాలిస్టర్ పొరా ఆపేస్తుంది, ఆ దీపంలో కొద్దిపాటిగా ఉండే 365 మాత్రమే లోపలికి చేరింది. ఫిల్మ్ వృథా కావడం చిన్న సంగతి. పెట్టెకు మూత సరిగా లేకపోవడంతో ఆ పది నిమిషాల్లో ఐదారుసార్లు పక్క నుంచి తొంగి చూశాను. అప్పుడు ఏమీ అనిపించలేదు. ఆ రాత్రి పదకొండు గంటలకు రెండు కళ్ళలోనూ గుప్పెడు ఇసుక పోసినట్టు మంట మొదలై, నీళ్ళు కారుతూ, రెప్ప తెరవలేని స్థితి వచ్చింది. పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి పరుగెత్తితే, వెల్డింగు చేసేవాళ్ళకు వచ్చే దెబ్బే ఇది అని చెప్పి మందు వేశారు. రెండు రోజుల్లో తగ్గింది. ఈ దెబ్బ వెంటనే తెలియదు, గంటల తర్వాత బయటపడుతుంది. అందుకే అది ప్రమాదకరం. కరోనా తర్వాత ఇలాంటి దీపాలు బజారులో విరివిగా దొరుకుతున్నాయి కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను: తేట గాజు ట్యూబు బోర్డు పనికి పనికిరాదు, ఇంట్లో విప్పి వెలిగించడానికి అసలు తగదు. పాత వీధి దీపాల పాదరసపు బల్బు పై గుండును పగలగొట్టి వాడమని ఎవరైనా సలహా ఇస్తే దాన్ని కూడా వినవద్దు. ఆ పై గుండే మనల్ని పొట్టి తరంగాల నుంచి కాపాడుతుంది.

రెండోసారి సరైన దీపం ఊహించని చోట దొరికింది. మిఠాయి కొట్లలో, హోటళ్ళలో ఈగలను ఆకర్షించి చంపే యంత్రాలుంటాయి కదా, వాటిలోని 8 వాట్ల ట్యూబులు సరిగ్గా ఈ పనికి కావలసిన వెలుగునే ఇస్తాయి. పురుగుల కళ్ళు 365 ప్రాంతపు వెలుగుకు బాగా ఆకర్షితమవుతాయి కాబట్టి ఆ ట్యూబులను అందుకు తగిన పూతతో చేస్తారు. వాటిలో రెండు రకాలున్నాయి. ఆర్పినప్పుడు మామూలు ట్యూబులైటులా తెల్లగా కనబడే వాటి మీద బీఎల్ అని ఉంటుంది. నల్లటి ఊదా గాజుతో చేసిన వాటి మీద బీఎల్‌బీ అని ఉంటుంది. నల్ల గాజు కంటికి కనబడే వెలుగును వడగడుతుందే తప్ప రెజిస్ట్‌కు అదనంగా ఇచ్చేదేమీ లేదు, పైగా ధర ఎక్కువ. బీఎల్ తెల్ల ట్యూబే చాలు. నాలుగు ట్యూబులు, నాలుగు ఎలక్ట్రానిక్ చోకులు, ఒక పాత ప్లైవుడ్ పెట్టెతో నా పని మొదలైంది.

పెట్టె లోపల తెల్ల రంగు వేద్దామనుకున్నాను. తెల్లగా ఉంటే వెలుగు తిరిగి వస్తుందని మనకు సహజంగా అనిపిస్తుంది, కానీ ఇక్కడ కన్ను మోసం చేస్తుంది. గోడలకు వేసే తెల్ల రంగులో ఉండే టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కాంతిని మింగేస్తుంది. ఆ కిరణాల దృష్టిలో ఆ గోడ దాదాపు నల్లటిదే. అల్యూమినియం మాత్రం వాటిని బాగా తిప్పి పంపుతుంది. అందుకే వంటింట్లో రొట్టెలు చుట్టే రేకును లోపలంతా అంటించాను.

ఈలోగా ఎల్‌ఈడీల వైపు కూడా చూశాను. 365 అని రాసి అమ్మిన ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్పును ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, అది కళ్ళు చెదిరే ఊదా రంగులో వెలిగింది. అప్పుడే అనుమానం వచ్చింది. నిజమైన 365 వెలుగు మన కంటికి దాదాపు కనబడదు. ఆ ఎల్‌ఈడీ మసకగా, పాలిపోయిన తెలుపులో కనిపిస్తుంది, దాని ముందు పెట్టిన తెల్ల కాగితం మాత్రం నీలంగా మెరుస్తుంది. గట్టి ఊదా వెలుగు కనబడిందంటే అది 395 నుంచి 405 మధ్యది. నిర్ధారణ కోసం డ్రిల్లింగు చేసేటప్పుడు పెట్టుకునే పాలికార్బనేట్ కళ్ళద్దాలను దీపానికీ కాగితానికీ మధ్య అడ్డం పెట్టాను. పాలికార్బనేట్ 380కి లోపలి కిరణాలను ఆపేస్తుంది కనుక 365 అయితే కాగితం మీద మెరుపు పూర్తిగా ఆరిపోవాలి. నా స్ట్రిప్పు ఊదా వెలుగు కళ్ళద్దాల గుండా వచ్చి కాగితం మీద పడింది. అయినా దాన్ని పారేయలేదు. అదే ఫిల్మ్ మీద ట్యూబులు ఒక నిమిషంలో చేసే పనిని అది నాలుగు నిమిషాల్లో చేస్తుంది, కానీ చేస్తుంది. సన్నటి గీతలు అక్కరలేని బోర్డులకు చవకైన 395 ఎల్‌ఈడీలు వాడుకోవడంలో తప్పు లేదు. 365 అని చెప్పి అమ్మడమే తప్పు.

విడి ఎల్‌ఈడీలతో పలక చేసుకోవాలనుకునేవారికి నా లెక్క ఇది. 5 మిల్లీమీటర్ల ఊదా ఎల్‌ఈడీ 3.3 వోల్టుల దగ్గర 20 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. 12 వోల్టుల అడాప్టరుకు మూడింటిని వరుసగా కలిపితే 9.9 వోల్టులు పోగా 2.1 మిగులుతుంది, 120 ఓముల రెసిస్టరు పెడితే వరుసకు 17.5 మిల్లీఆంపియర్లు పారుతుంది. 120 ఎల్‌ఈడీలకు 40 వరుసలు, మొత్తం 0.7 ఆంపియర్లు. వాటిని 20 మిల్లీమీటర్ల ఎడంతో అమర్చినప్పుడు, 30 డిగ్రీల కోణంలో వెలుగు చిమ్మే ఎల్‌ఈడీ వెలుగు వలయం పక్కవాటి వలయాలతో బాగా కలవాలంటే బోర్డును కనీసం 75 మిల్లీమీటర్ల దూరంలో ఉంచాలి. ఇంకా దగ్గరగా పెడితే ఫిల్మ్ మీద చుక్కలు చుక్కలుగా గట్టిపడుతుంది. ట్యూబులకూ ఇదే సూత్రం: ట్యూబుల మధ్య ఎడం కంటే బోర్డుకూ ట్యూబుకూ మధ్య దూరం ఎక్కువ ఉండాలి. నావి 40 మిల్లీమీటర్ల ఎడంలో, బోర్డుకు 65 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి.

పెట్టె చూసి మామయ్య నవ్వాడు. “ఏంది అబ్బాయ్, ఒంగోలు ఎండ కంటే పెద్ద దీపం యాడుంది? డాబా మీద పెట్టు, అయిపోద్ది” అన్నాడు. ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు, నిజంగానే పెట్టి చూశాను. మే మొదటి వారంలోనూ, మళ్ళీ ఆగస్టు రెండో వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు ఒంగోలుకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ డాబా మీద అద్దం కింద పెట్టిన బోర్డుకు పది పన్నెండు సెకన్లు చాలాయి. సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ వెడల్పే కాబట్టి దాని కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి, అంచులు పదునుగా రావలసిన పనికి అంతకంటే మంచి మూలం ఇంట్లో కట్టలేము. కానీ ఒక చిక్కుంది. అతినీలలోహిత కాంతిలో పెద్ద భాగం సూర్యుడి నుంచి నేరుగా కాక ఆకాశమంతటి నుంచి చెదిరి వస్తుంది, ఆ భాగం అన్ని దిక్కుల నుంచీ పడుతుంది. బోర్డు చుట్టూ లోపల నల్ల కాగితం అంటించిన ఎత్తైన అట్టపెట్టె గోడలు నిలబెట్టి, సూర్యుడి వైపు మాత్రమే తెరిచి ఉంచితే ఆ తేడా కంటికి కనబడుతుంది. అసలు ఇబ్బంది మాత్రం సమయంతోనే వచ్చింది. పది సెకన్ల పనిలో చేయి రెండు సెకన్లు ఆలస్యమైతే ఐదో వంతు తేడా వస్తుంది. సముద్రం మీద నుంచి పలచటి మబ్బు వస్తే ఎంత తగ్గిందో చెప్పలేము. ఉదయం తొమ్మిదికి సరిపోయిన లెక్క పన్నెండుకు చెల్లదు. మామయ్యకు ఒక్క బోర్డు చాలు అనుకుంటే ఎండ సరిపోయేది. పన్నెండు చెరువులకు ఒకే రకంగా రావాలంటే దీపం కావలసి వచ్చింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. అది వెలుగు వచ్చే కోణం. ప్రింటు తీసిన ఓహెచ్‌పీ పారదర్శక షీటు మందం సుమారు 100 మైక్రాన్లు (0.1 మిల్లీమీటరు). ప్రింటు ఉన్న ముఖం పైకి ఉండేటట్టు పెడితే, టోనరుకూ (ప్రింటులోని నల్ల పొడికీ) రెజిస్ట్‌కూ మధ్య ఆ 100 మైక్రాన్ల ప్లాస్టిక్ అడ్డం ఉంటుంది. 45 డిగ్రీల వాలుగా వచ్చిన కిరణం ప్లాస్టిక్‌లోకి దిగగానే వంగి దాదాపు 26 డిగ్రీలకు తగ్గుతుంది, అయినా అడుగుకు చేరేసరికి సుమారు 50 మైక్రాన్లు పక్కకు జరుగుతుంది. రెండు గీతల మధ్య 0.2 మిల్లీమీటర్ల నల్ల ఎడం ఉంటే, ఇటు నుంచి 50, అటు నుంచి 50 వెలుగు దూరి ఆ ఎడం సగానికి సగం మూసుకుపోతుంది. ట్యూబులు, దగ్గరగా పెట్టిన ఎల్‌ఈడీ పలకలు, పెట్టె లోపలి రేకు, ఇవన్నీ వాలు కిరణాలను పుష్కలంగా ఇచ్చేవే. నా మొదటి నెల బోర్డుల్లో గీతలు ఉబ్బినట్టు రావడానికి కారణం దీపం కాదు, షీటు తిరగేసి పెట్టడం. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి ప్రింటు తీసి, టోనరు ముఖం నేరుగా ఫిల్మ్‌కు తగిలేటట్టు పెట్టిన రోజునే అంచులు బాగుపడ్డాయి. అప్పుడు మధ్యలో మిగిలేది ఫిల్మ్ మీది పలచని పాలిస్టర్ పొర ఒక్కటే.

ఇంకా సన్నటి పని చేయాలనుకునేవారికి ట్యూబుల కంటే మంచిది ఒకే ఒక్క నిజమైన 365 పవర్ ఎల్‌ఈడీని హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) మీద బిగించి, బోర్డుకు 30 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీయడం. ఒక దీపాన్ని దగ్గరగా పెడితే బోర్డు అంచుల దగ్గర వెలుగు ఘోరంగా తగ్గుతుంది: 10 సెంటీమీటర్ల ఎత్తులో, మధ్య నుంచి 10 సెంటీమీటర్లు పక్కకు జరిగిన చోట వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అదే 30 సెంటీమీటర్ల ఎత్తులో 5 సెంటీమీటర్ల పక్కకు చూస్తే తగ్గేది నూటికి ఐదు పాళ్ళు మాత్రమే, కిరణాల వాలు కూడా 10 డిగ్రీల లోపే. సమయం ఎక్కువ పడుతుంది, ఎల్‌ఈడీ వేడెక్కితే వెలుగు తగ్గుతుంది కనుక పెద్ద హీట్‌సింక్ తప్పదు. నా బోర్డుల్లో 0.25 కంటే సన్నటి గీత లేదు కాబట్టి నేను ట్యూబుల దగ్గరే ఆగాను.

షీటు బోర్డుకు గట్టిగా అంటుకోకపోతే ఇందాకటి లెక్కలన్నీ వృథా. పైన వేసే అద్దం విషయంలో చాలామంది కంగారు పడతారు, కానీ 3 మిల్లీమీటర్ల మామూలు కిటికీ అద్దం 365 కిరణాలను చాలావరకు వదులుతుంది. అద్దం అంచు పచ్చగా కనబడేది దానిలోని ఇనుము వల్ల. ఆ ఇనుమే కొంత యూవీని మింగుతుంది కూడా. మన గూడూరు, చిల్లకూరు వైపు తవ్వే తెల్ల ఇసుకకు గాజు పరిశ్రమలో అంత గిరాకీ ఉండటానికి కారణం అందులో ఇనుము తక్కువగా ఉండటమే. ఈ పనికి మాత్రం ప్రత్యేకమైన గాజు అక్కరలేదు, పలచటిది కొంటే చాలు. తెలియక అక్రిలిక్ పలక కొనడమే అసలు ప్రమాదం, ఎందుకంటే చాలా రకాల అక్రిలిక్‌లో యూవీని ఆపే మందు కలుపుతారు. బోర్డు అడుగున నేను పెట్టేది చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్క. పాలిష్ పట్టిన ఆ నల్లరాయి అంత చదునైన వస్తువు ఇంట్లో మరొకటి లేదు; వంటగట్టు వేసినప్పుడు మిగిలిన ముక్కను మేస్త్రీ నాకు కోసి ఇచ్చాడు. దాని మీద పలచని స్పాంజి, దాని మీద బోర్డు, ఆ పైన షీటు, అద్దం, నాలుగు మూలలా క్లిప్పులు.

దీపం ఏదైనా, సమయాన్ని ఎవరినో అడిగి తెలుసుకోలేము. దీనికి నేను చేసేది మెట్ల పరీక్ష. 0.15 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా వరుసగా గీతలున్న ఒక నమూనాను ప్రింటు తీసి, పొడవాటి రాగి ముక్క మీద పెట్టి, నల్ల అట్టతో మొత్తం కప్పుతాను. ట్యూబులు చల్లగా ఉన్నప్పుడు వెలుగు తక్కువ ఇస్తాయి కాబట్టి ముందు మూడు నిమిషాలు ఊరికే వెలగనిస్తాను. తర్వాత 15 సెకన్లకొకసారి అట్టను ఒక్కొక్క గడి వెనక్కి లాగుతాను. ఎనిమిది గడులుంటే చివరిదానికి 15 సెకన్లు, మొదటిదానికి 120 సెకన్లు వెలుగు అందుతుంది. పావుగంట ఆగి, లీటరు నీళ్ళకు 10 గ్రాముల సోడా పొడి (సోడియం కార్బొనేట్) కలిపిన ద్రావణంలో కడుగుతాను. ఇది నీరు లేని పొడి లెక్క. స్ఫటికాలుగా అమ్మే వాషింగ్ సోడా అయితే సగం పైగా బరువు నీళ్ళదే కనుక 27 గ్రాములు కావాలి. మొదటిసారి నాకు 15, 30 సెకన్ల గడులు పూర్తిగా కొట్టుకుపోయాయి, 45 గడిలో గీతల అంచులు లేచాయి, 60 గడిలో 0.2 గీతలు నిలిచి వాటి మధ్య రాగి శుభ్రంగా మెరిసింది. 90 దాటాక గీతల మధ్య పలచని నీలిపొర మిగలడం మొదలై, 120కి ఎడాలు పూడిపోయాయి.

ఆ నీలిపొరకు కారణం టోనరు. జిరాక్సు కొట్టులో తీయించిన ప్రింటు కంటికి కటిక నల్లగా ఉన్నా, దీపం ముందు పట్టుకుంటే సూదిమొన చుక్కలు కనబడతాయి. నలుపు గుండా నూటికి ఐదు పాళ్ళ వెలుగు కారినా, 120 సెకన్లలో కప్పిన భాగానికి 6 సెకన్ల వెలుగు చేరినట్టే. రెండు షీట్లను ఒకదాని మీద ఒకటి సరిపెట్టి అంటిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఇంక్‌జెట్ ప్రింటరు వాడేవారు తమ నల్ల సిరా యూవీని నిజంగా ఆపుతోందో లేదో ముందు చూసుకోవాలి. రంగు కలిపిన కొన్ని సిరాలు కంటికి నల్లగా, యూవీకి పలచగా ఉంటాయి. షీటును దీపానికీ తెల్ల కాగితానికీ మధ్య పెడితే, నలుపు వెనక కాగితం మెరుస్తోందో లేదో వెంటనే తెలుస్తుంది.

గదిలో మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బు వెలుగులో కొద్ది నిమిషాల పనికి ఫిల్మ్ చెడదు, కానీ కిటికీ నుంచి పగటి వెలుగు పడకూడదు. నేను పసుపు రంగు బల్బు ఒకటి పెట్టుకున్నాను.

పెట్టె మూత తెరవగానే ట్యూబులు ఆరిపోయేటట్టు ఒక మైక్రోస్విచ్ బిగించాను. కళ్ళు మండిన ఆ రాత్రి తర్వాత అది లేని పెట్టెను ఇంట్లో ఉంచలేకపోయాను. ట్యూబులు వాడుతున్న కొద్దీ నీరసిస్తాయి, ఫిల్మ్ చుట్ట మారితే దాని వేగమూ మారుతుంది. అందుకని ట్యూబు మార్చినప్పుడల్లా, కొత్త చుట్ట విప్పినప్పుడల్లా మెట్ల పరీక్ష మళ్ళీ చేసి, తేదీ వేసి మూత లోపలివైపు పెన్సిలుతో రాస్తాను. కిందటి చుట్టకు 60 సెకన్లు అని ఉంది. ఈ వారం విప్పిన దానికి 50 అని రాశాను.